వెళ్లిపోని మాస్టారు

మా నూజివీడులో మామిడి టెంక నాటినవాడెవడూ ఆ ఏడే రసాల కోసం బుట్ట పట్టుకుని నిలబడడు. ఏళ్ల తరబడి నీళ్లు పోస్తాడు, పశువులు కొరక్కుండా కంచె కడతాడు. పిల్లల పరిచర్యా అంతే. మేమేమో సండేస్కూలుకు ఏడాదికొక టీచరును మార్చి, పిల్లలు నిలవడం లేదని బాధపడుతున్నాం.

రాబర్ట్ నోబుల్ 1841లో ఇంగ్లండు నుంచి మచిలీపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకుని 1843లో బడి తెరిచారు. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకోగానే తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించారు. బడి ఖాళీ అయింది. ఆయన తలుపులు మూయలేదు, పిల్లలు మెల్లగా తిరిగొచ్చారు. 1864 నవంబరు ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. అప్పుడూ ఆయన ఊరు విడవలేదు. 1865లో అక్కడే కన్నుమూశారు. ఇరవై నాలుగేళ్లలో ఒక్కసారైనా స్వదేశం వెళ్లలేదు. ఆ బడే తర్వాత నోబుల్ కళాశాల అయింది. ఆ ఫలం ఆయన చూడలేదు.

మార్కు సువార్త పదో అధ్యాయంలో పసిబిడ్డల్ని ప్రభువు దగ్గరకు రానివ్వనిది పరిసయ్యులు కాదు, శిష్యులే! ప్రభువు వారిమీద కోపపడి, బిడ్డల్ని ఎత్తి కౌగిలించుకున్నాడు. పిల్లల పనిని చిన్నపనిగా చూసిన ప్రతిసారీ మేమూ ఆ శిష్యుల వరుసలోనే నిలబడుతున్నాం.

వేసవిలో తల్లులు మామిడి కోతలకు వెళితే, పిల్లలు మందిరం అరుగుమీద చేరతారు. వారిని పేరుపెట్టి పిలిచే మాస్టారు వచ్చే వేసవికీ అక్కడే ఉండాలి. ఆ పిలుపు మీకు వినబడుతోందా?