శిలువ స్థానంలో నక్షత్రం

పాత కాగితాలు వెతకడం కూడా ఒక పనేనా? ఫ్రాన్స్‌లోని నార్మండీ అమెరికన్ శ్మశానవాటిక చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన 9,000 మందికి పైగా సైనికుల సమాధులు అక్కడున్నాయి. దాదాపు అన్నిటిపైనా పాలరాతి శిలువలే. వాటి కింద కొందరు యూదులూ ఉన్నారు!

జర్మన్లకు దొరికితే ప్రమాదమని కొందరు యూదు సైనికులు గుర్తింపు బిళ్లపై మతం రాయించుకోలేదు. కొన్నిచోట్ల దస్త్రాల్లో పొరపాటు దొర్లింది.

‘ఆపరేషన్ బెంజమిన్’ అనే అమెరికా సంస్థ వీటిని సరిదిద్దుతోంది. జనాభా లెక్కలు, సైనిక దస్త్రాలు, తల్లిదండ్రుల సమాధులు పరిశీలిస్తుంది. పేరొక్కటే చూసి తేల్చేయదు. బంధువుల్ని వెతికి, ఆధారాలను అమెరికా ప్రభుత్వ యుద్ధ స్మారకాల కమిషన్‌కు ఇస్తుంది. కమిషన్ ఒప్పుకుంటే శిలువ తీసి దావీదు నక్షత్రం నిలుపుతారు. తొలి మార్పు 2018లో నార్మండీలోనే జరిగింది.

చరిత్ర, ఆర్కైవ్స్ చదివేవాళ్లూ, గుర్తుపెట్టుకోండి: దస్త్రాన్ని ఓపిగ్గా చదివి, మరో దస్త్రంతో సరిచూడటమే ఇక్కడ అసలు నైపుణ్యం.