పూడ్చిన ప్లాస్టిక్కు నీటిగొట్టముల జాడ తెలిసికొను విధము

మన భావనపాడు ప్రాంతపు ఇసుకనేలలయందు బావినీటిని మట్టికాలువలవెంట తోటకు పారించినచో అందు చాలభాగమును దారిలోని ఇసుకయే త్రాగివేయును. అందుచేత ప్లాస్టిక్కు గొట్టములను నేలలో పూడ్చి కొబ్బరికిని, జీడికిని, కూరపాదులకును నీరందించువారు మనలో ననేకులు కలరు. 2003వ సంవత్సరమున ఉమ్మడి ఆంధ్రప్రదేశమున సూక్ష్మనీటిపారుదల పథకము ఆరంభమైన పిదప బిందుసేద్యపు తోటలలో ప్రధానపు గొట్టము భూమిలోనే యుండుట పరిపాటియైనది. గొట్టము వేయుట అందఱును నేర్చిరి. వేసిన గొట్టము ఎచ్చట నున్నదో తెలియునట్లు చేసికొనుట మాత్రము పలువురు నేర్వలేదు. ఈ వ్యాసమున మేము చెప్పబూనినది ఆ సంగతియే.

జాడ ఎట్లు పోవును?

గొట్టము పూడ్చిననాడు దాని దారి రైతునకు చక్కగా తెలిసియుండును. మూడవ కొబ్బరిచెట్టు ప్రక్కగా మొగలిపొదవఱకు అని మనసులో గుర్తు పెట్టుకొనును. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీని తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు ఉద్దానమున కొబ్బరిచెట్లు లక్షలకొలది కూలినవి. చెట్టు పోయిన చోట చెట్టును నమ్ముకొన్న గుర్తును పోయినది. కూలిన మొదళ్లు పెకలించుటకు జేసీబీ వచ్చినప్పుడు దాని పండ్లకు గొట్టము తగులక మానునా?

తుపాను రాకున్నను దారి తెలిసిన పెద్దవాడు గతింపవచ్చును. గొట్టము వేసిన పనివాడు వలస పోవచ్చును. అన్నదమ్ములు భూమి పంచుకొన్నపుడు ఒకని గొట్టము వేఱొకని మడిక్రింద నుండవచ్చును. బంకనేలలో గొట్టము పగిలినచో పైన తడి కనబడును. మన ఇసుకలో నీరు క్రిందికే ఇంకిపోవుటచే పగిలిన చోటు తఱచు పైకి తెలియదు. మండువేసవిలో నాలుగు దినములు వెదకులాటతో గడచినచో నారుమడి యెండును, లేతమొక్క వాడును, కూలిడబ్బు వ్యర్థమగును.

ఇనుప గొట్టమైనచో లోహమును కనిపెట్టు యంత్రముతో దాని నెఱుగవచ్చును. ప్లాస్టిక్కు లోహము కాదు. విద్యుత్తు దానిగుండ పాఱదు. కావున యంత్రమునకు తెలియు వస్తువు నొకదానిని గొట్టముతోపాటు మనమే పూడ్చవలెను. అందులకు తగిన సమయము కాలువ తెఱచియున్న ఆ ఒక్క దినమే. ఆనాడు చేయవలసిన పనులు నాలుగు.

మొదటిది - రాగితీగ

ఇండ్లలో విద్యుత్తునకు వాడు, పైతొడుగుగల 2.5 చదరపు మిల్లీమీటరుల రాగితీగ చాలును. తొడుగులేని తీగ ఉప్పునేలలో త్వరగా తినివేయబడును. అల్యూమినియముతీగ తొడుగు చిట్లిన చోటనే చెడును, దానిని వాడరాదు. తీగను గొట్టమునకు చుట్టక, ప్రక్కనే పొడుగున పఱచి, నాలుగైదు అడుగుల కొకచోట అంటుపట్టీతో కట్టవలెను. బిగియలాగక కొంచెము వదులుగా నుంచవలెను. అతుకులున్నచో నీరు చొరకుండ గట్టిగా మూయవలెను. ఒక కొనను మోటారుగదియొద్దనో వాల్వు తొట్టిలోనో పైకి తీసి యుంచవలెను. రెండవకొన తొడుగు నొలిచి, నేలలో దిగగొట్టిన కడ్డీకి బిగింపవలెను.

వెదకునపుడు యంత్రపు ఒక భాగము ఈ తీగలోనికి స్వల్పమైన విద్యుత్తరంగమును పంపును. అది తీగవెంట పోయి నేలద్వారా తిరిగివచ్చును. రెండవ భాగమును చేతబట్టి నేలపై నడచినచో తీగకు సరిగా పైన ధ్వని హెచ్చును. దూరపుకొనకు నేలతో స్పర్శ లేనిచో తరంగము చక్కగా పాఱదు; కడ్డీ బిగింపుమనుట అందులకే. ఇంటి కరెంటు నెన్నటికిని ఈ తీగకు కలుపరాదు. అది ప్రాణాపాయము. యంత్రము నేడు మనయొద్ద లేదని తీగను మానరాదు. గొట్టము దశాబ్దములు మన్నునది. యంత్రమును కావలసిననాడు అద్దెకైనను తేవచ్చును.

రెండవది - హెచ్చరిక పట్టీ

గొట్టముపై ఒక అడుగు మందమున మన్నుపోసి, దానిపై రంగుగల వెడల్పాటి ప్లాస్టిక్కు పట్టీని పొడుగున పఱచి, మిగిలిన మన్ను పోయవలెను. త్రవ్వువాని గునపమునకు గొట్టముకంటె ముందుగా పట్టీ కనబడును. ఇది గొట్టమును కాపాడునేగాని, దూరమునుండి జాడ చెప్పదు. కావున తీగకు బదులు పట్టీ యని తలపరాదు.

మూడవది - కొలతల పటము

తీగ తెగవచ్చును, కాగితముపై వ్రాసిన కొలత తెగదు. కొలతకు మూలముగా చెట్టునుగాని, కంచెనుగాని, ఇసుకదిబ్బనుగాని గ్రహింపరాదు. బావిగట్టు మూల, మోటారుగది మూల, సర్వేరాయి మొదలగు కదలనివానినే గ్రహింపవలెను. ప్రతి మలుపునకును, ప్రతి టీ అతుకునకును, ప్రతి వాల్వునకును రెండు మూలములనుండి దూరము కొలిచి వ్రాయవలెను.

ఒక ఉదాహరణము చెప్పుదుము. బావిమూలకును సర్వేరాయికిని నడుమ 50 అడుగులున్నవనుకొందము. గొట్టపు మలుపు బావిమూలకు 30 అడుగులు, రాతికి 40 అడుగులు. తరువాత వెదకునపుడు బావిమూలనుండి 30 అడుగుల త్రాటితో నొక వంపును, రాతినుండి 40 అడుగుల త్రాటితో మరియొక వంపును గీచినచో అవి కలిసిన చోటనే మలుపుండును. అయితే రెండు వంపులు బావినుండి రాతికి గీచిన గీతకు ఇరుప్రక్కల రెండుచోట్ల కలియును. ఏ ప్రక్కయో తెలియుటకు మోటారుగది మూలనుండి మూడవ దూరమును గూడ వ్రాసికొనవలెను.

లోతును నేలమట్టమునుండి మాత్రమే వ్రాసిన చాలదు. మన తీరమున గాలికి ఇసుక ఒకచోట కొట్టుకొనిపోయి వేఱొకచోట పేరుకొనును. బావిగట్టుకంటె గొట్టము ఎన్ని అడుగులు క్రింద నున్నదో, తాపీపనివారు వాడు నీటిమట్టపు గొట్టముతో చూచి వ్రాయవలెను. పూడ్చకముందు కొలబద్దను ప్రక్కన నుంచి చరవాణితో ఛాయాచిత్రములు తీయుట మేలు. చరవాణి చూపు స్థాననిర్దేశము పదిపదునైదు అడుగులు తప్పవచ్చును గనుక దానినొక్కదానినే నమ్మరాదు.

నాలుగవది - గుర్తురాళ్లు

మలుపులయొద్దను, గొట్టము దారిని దాటు చోటులందును సిమెంటు దిమ్మలను పాతి, దారి యెటో బాణపుగుర్తు చెక్కింపవలెను. దిమ్మను గొట్టమునకు సరిగా పైన పాతక, ఒక అడుగు ప్రక్కకు పాతి, ఆ సంగతి పటమున వ్రాయవలెను.

ఇదివఱకే పూడ్చినవారి మాట

పంపు, వాల్వులు, చివరిమూతలు కనబడుచునే యుండును గదా. వానియొద్దనుండి మొదలిడవలెను. గొట్టమునకు అడ్డముగా చిన్న గోతులను పారతో నిదానముగా త్రవ్వినచో ఇసుకనేలలో దారి దొరకును. మొన మొద్దుచేసిన సన్ననికడ్డీని తడిపిన నేలలో మెల్లగా దింపియు చూడవచ్చును. అయితే మోటారుతీగ అదే దారిని పోవుచుండవచ్చును గనుక, ముందుగా విద్యుత్తు నాపివేయవలెను. గొట్టములోనికి సంజ్ఞలు పంపు చిన్న సాధనమును త్రోసి పైనుండి వెదకు పద్ధతియు కలదు. ఏ కారణముచేతనైన గొట్టము బయటపడినచో, దానిని కొలిచి వ్రాయక తిరిగి పూడ్చరాదు.

మన గొట్టములే కాక ప్రజల గొట్టములును నేలలో నున్నవి. మూత్రపిండముల వ్యాధితో బాధపడుచున్న ఉద్దానమునకు హిరమండలమునుండి భూగర్భగొట్టములద్వారా త్రాగునీరు తెచ్చు పథకము 2023 డిసెంబరు 14వ తేదీని ప్రారంభమైనది. అట్టి గొట్టమును తెలియక తెగగొట్టినచో ఊళ్లకు ఊళ్లే దాహమున కగ్గమగును. యంత్రముతో లోతుగా త్రవ్వించువారు సంబంధించిన శాఖవారిని ముందుగా నడుగుట ధర్మము.

కడపటి విన్నపము. సభ్యులు తమ గొట్టములపటమును రెండు ప్రతులు వ్రాసి, ఒకటి పట్టాకాగితములతో నింటనుంచి, రెండవది సంఘ కార్యాలయమున నుంచుటకు నేర్పాటు చేసికొనవలెను. తుపాను ఇల్లు ముంచినను ఒక ప్రతి మిగులును. తీగకును పట్టీకిని అగు వ్యయము, ఒక వేసవిలో ఎండిన తోట విలువముందు మిక్కిలి స్వల్పము. గొట్టము పూడ్చువాడు తన కొఱకే కాదు, తన తరువాత ఆ నేలను దున్నువాని కొఱకును పూడ్చుచున్నాడు. వానికి దారి చూపి పోవుట మన విధి.