2013 అమెరికా వలస సంస్కరణల బిల్లు

2013 అమెరికా వలస సంస్కరణల బిల్లు (సెనేట్ బిల్లు సంఖ్య ఎస్. 744) అమెరికా సంయుక్త రాష్ట్రాల వలస చట్టాలను సమూలంగా మార్చే ఉద్దేశంతో 113వ కాంగ్రెస్‌లో ప్రవేశపెట్టబడిన బిల్లు. దీని పూర్తి పేరు "సరిహద్దు భద్రత, ఆర్థిక అవకాశాలు, వలస ఆధునికీకరణ చట్టం". 2013 జూన్ 27న సెనేట్ దీనిని 68-32 ఓట్లతో ఆమోదించింది. ప్రతినిధుల సభలో మాత్రం ఒక్కసారి కూడా ఓటింగుకు రాకుండా 2015 జనవరిలో మురిగిపోయింది. అమెరికా శాసన ప్రక్రియలో ఒక బిల్లు ఏయే మెట్లు ఎక్కాలో, ఎక్కడ ఆగిపోగలదో తెలుసుకోవడానికి ఇది మంచి ఉదాహరణ.

గమనిక: ఈ వ్యాసంలో కాంగ్రెస్ అనగా అమెరికా పార్లమెంటు, భారతదేశపు రాజకీయ పక్షం కాదు. దీనిలో 100 మంది సభ్యుల సెనేట్, 435 మంది సభ్యుల ప్రతినిధుల సభ అని రెండు సభలున్నాయి. ప్రతి రాష్ట్రానికి జనాభాతో నిమిత్తం లేకుండా ఇద్దరు సెనేటర్లు ఉంటారు. ఒక్కొక్క కాంగ్రెస్ కాలపరిమితి రెండు సంవత్సరాలు.

నేపథ్యం

1965 నాటి చట్టం జాతీయ మూలాలను బట్టి కోటాలు కేటాయించే పాత పద్ధతిని రద్దు చేసి, ఆసియా దేశాలవారికి అమెరికా తలుపులు తెరచింది. ఇప్పుడు అక్కడ స్థిరపడిన తెలుగువారిలో అత్యధికులు ఆ చట్టం తరువాత వెళ్ళినవారే. 1986లో అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ సంతకం చేసిన చట్టం ద్వారా సుమారు 27 లక్షల మంది అనధికార వలసదారులకు చట్టబద్ధ నివాసం లభించింది. అయితే అనధికార వలస ఆగలేదు. 2013 నాటికి అటువంటివారు సుమారు 1 కోటి 10 లక్షల మంది ఉంటారని అంచనా.

మధ్యలో రెండు ప్రయత్నాలు విఫలమయ్యాయి. 2006లో సెనేట్ 62-36తో ఒక బిల్లును ఆమోదించింది కానీ, అంతకు ముందే ప్రతినిధుల సభ ఆమోదించిన కఠినమైన బిల్లుతో దానికి పొత్తు కుదరలేదు. 2007లో మరొక బిల్లు సెనేట్‌లోనే ఆగిపోయింది.

బిల్లులోని ముఖ్యాంశాలు

* 2011 డిసెంబరు 31 నాటికి దేశంలో ఉన్న అనధికార వలసదారులు జరిమానా, పన్ను బకాయిలు చెల్లించి, నేర చరిత్ర పరిశీలనకు లోబడి తాత్కాలిక హోదా పొందవచ్చు. పది సంవత్సరాల తరువాత గ్రీన్ కార్డుకు, ఆపై మూడు సంవత్సరాలకు పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు.
* బాల్యంలో తల్లిదండ్రుల వెంట వచ్చిన యువతకు ఈ గడువు ఐదు సంవత్సరాలు.
* ఉద్యోగుల అర్హతను కంప్యూటరు ద్వారా పరిశీలించడం యజమానులందరికీ తప్పనిసరి.
* హెచ్-1బి వీసాల వార్షిక పరిమితి 65,000 నుండి 1,15,000కు పెరుగుతుంది. గిరాకీని బట్టి అది 1,80,000 వరకు వెళ్ళవచ్చు.
* ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డులలో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వరాదన్న నియమం రద్దవుతుంది.

చివరి రెండు అంశాలు భారతీయులకు మేలు చేసేవే. అయితే ఉద్యోగులలో ఎక్కువమంది హెచ్-1బి వీసాదారులైన సంస్థలపై అధిక రుసుములు, ఆంక్షలు కూడా ఇదే బిల్లులో ఉన్నందున భారతీయ సాఫ్ట్‌వేర్ సేవల పరిశ్రమ దీనిని గట్టిగా వ్యతిరేకించింది.

సెనేట్‌లో ప్రయాణం

ముసాయిదా: బిల్లును రెండు పక్షాలకు చెందిన ఎనిమిది మంది సెనేటర్లు కలసి రూపొందించారు. డెమొక్రాట్ల నుండి చక్ షూమర్, డిక్ డర్బిన్, బాబ్ మెనెండెజ్, మైకేల్ బెనెట్; రిపబ్లికన్ల నుండి జాన్ మెకెయిన్, లిండ్సే గ్రాహం, మార్కో రూబియో, జెఫ్ ఫ్లేక్ ఇందులో ఉన్నారు. 2013 ఏప్రిల్ 16న 844 పుటల బిల్లు సభకు సమర్పించబడింది.

సంఘం పరిశీలన: అమెరికా కాంగ్రెస్‌లో సాధారణంగా బిల్లు మొదట సంబంధిత స్థాయీ సంఘానికి వెళ్తుంది. పాట్రిక్ లేహీ అధ్యక్షతన గల న్యాయ వ్యవహారాల సంఘానికి సుమారు 300 సవరణలు అందాయి. మే నెలలో ఐదు రోజులపాటు అంశాలవారీగా చర్చించి, మే 21న 13-5 ఓట్లతో సంఘం బిల్లును ఆమోదించింది. స్వలింగ దంపతులకు కూడా వలస హక్కులు కల్పించే తన సవరణను లేహీ ఆనాడు అయిష్టంగానే ఉపసంహరించుకున్నాడు. అది చేరితే రిపబ్లికన్ల మద్దతు పోతుందని భయం. నెల తిరగ్గానే, జూన్ 26న, సుప్రీం కోర్టు మరొక కేసులో ఇచ్చిన తీర్పుతో ఆ సవరణ అవసరమే లేకుండా పోయింది.

చర్చ ముగింపు: సెనేట్‌లో బిల్లు నెగ్గడానికి సాధారణ మెజారిటీ చాలు. కానీ చర్చను ముగించడానికి 60 ఓట్లు కావాలి. ఈ ఓటును క్లోచర్ అంటారు. అది నెగ్గకపోతే వ్యతిరేకులు చర్చను నిరవధికంగా సాగదీసి బిల్లును ఆపివేయగలరు. ఈ పద్ధతి పేరు ఫిలిబస్టర్. 2007 నాటి బిల్లు ఇక్కడే 46-53తో ఓడిపోయింది. ఈసారి చర్చ ప్రారంభించడానికి 82-15తో మార్గం ఏర్పడింది. మరింతమంది రిపబ్లికన్లను కూడగట్టడానికి బాబ్ కార్కర్, జాన్ హోవెన్ ఒక సవరణ తెచ్చారు. దాని ప్రకారం సరిహద్దు గస్తీ దళంలో సుమారు 20,000 మందిని అదనంగా నియమించాలి, 700 మైళ్ళ కంచె పూర్తిచేయాలి. జూన్ 24న ఈ సవరణపై క్లోచర్ 67-27తో నెగ్గింది.

తుది ఓటు: జూన్ 27న ఉపాధ్యక్షుడు జో బైడెన్ అధ్యక్షత వహించగా, సెనేటర్లు తమ తమ స్థానాలలో కూర్చొని ఓటు వేశారు. డెమొక్రాట్లందరితో పాటు ఇద్దరు స్వతంత్రులు, 14 మంది రిపబ్లికన్లు బిల్లును బలపరిచారు.

ప్రతినిధుల సభలో ప్రతిష్టంభన

ప్రతినిధుల సభలో ఏ బిల్లు చర్చకు రావాలన్నది ప్రధానంగా స్పీకర్, మెజారిటీ పక్ష నాయకుల చేతిలో ఉంటుంది. లోక్‌సభ స్పీకర్ వలె పక్షాలకు అతీతంగా ఉండవలసిన పదవి కాదది. అక్కడి స్పీకర్ మెజారిటీ పక్షానికి నాయకుడు కూడా. అప్పటి స్పీకర్ జాన్ బేనర్ రిపబ్లికన్. తన పక్షంలో మెజారిటీ సభ్యులు అంగీకరించని బిల్లును సభకు తేరాదన్న అలిఖిత సంప్రదాయాన్ని పాటిస్తూ, సెనేట్ బిల్లును చేపట్టనని ఆయన ప్రకటించాడు. డెమొక్రాట్లు, కొందరు రిపబ్లికన్లు కలిస్తే బిల్లు నెగ్గేదని సమర్థకులు వాదించారు. ఓటింగు జరగలేదు కనుక ఆ వాదన తేలలేదు.

స్పీకర్‌ను దాటిపోవడానికి ఒక మార్గం ఉన్నది. సభలో 218 మంది సంతకాలు చేస్తే బిల్లును సంఘం నుండి నేరుగా సభకు రప్పించవచ్చు. 2013 అక్టోబరులో డెమొక్రాట్లు ఇటువంటి మరొక బిల్లును (హెచ్.ఆర్. 15) ప్రవేశపెట్టి, 2014లో సంతకాలు సేకరించారు కానీ అవసరమైన సంఖ్య రాలేదు. 2014 జూన్ 10న రిపబ్లికన్ సభానాయకుడు ఎరిక్ కాంటర్ తన పక్షపు ప్రాథమిక ఎన్నికలోనే ఓడిపోయాడు. ఆయనపై గెలిచిన డేవ్ బ్రాట్ వలస విషయాన్నే ప్రధాన ప్రచారాంశంగా చేసుకున్నందున మిగిలిన సభ్యులు వెనుకంజ వేశారు.

జరగని మెట్లు

ప్రతినిధుల సభ వేరొక రూపంలో బిల్లును ఆమోదించి ఉంటే, రెండు సభల ప్రతినిధులతో కూడిన సంఘం ఉమ్మడి పాఠం తయారుచేసేది. భారత రాజ్యాంగంలో ఉన్నట్లు ఉభయసభల సంయుక్త సమావేశంలో ఓటు వేసి తేల్చుకునే అవకాశం అమెరికాలో లేదు. ఒకే పాఠాన్ని రెండు సభలూ విడివిడిగా ఆమోదించాలి. తరువాత అధ్యక్షుడు సంతకం చేయాలి. ఆయన తిరస్కరిస్తే, రెండు సభలలోనూ మూడింట రెండు వంతుల ఓట్లతో మాత్రమే దానిని చట్టం చేయగలరు. అధ్యక్షుడు బరాక్ ఒబామా ఈ బిల్లుకు అనుకూలుడే. అది ఆయన బల్లపైకి చేరలేదు.

తదనంతర పరిణామాలు

2014 నవంబరు 20న ఒబామా తన కార్యనిర్వాహక అధికారంతో కొందరు తల్లిదండ్రులకు దేశబహిష్కరణ నుండి తాత్కాలిక రక్షణ ప్రకటించాడు. న్యాయస్థానాలు దానిని నిలిపివేశాయి. 2016 జూన్‌లో సుప్రీం కోర్టు న్యాయమూర్తులు 4-4గా చీలిపోవడంతో ఆ నిలుపుదలే కొనసాగింది. 

దేశాలవారీ 7 శాతం పరిమితిని తొలగించే భాగం తరువాత విడి బిల్లుగా వచ్చింది. 2019 జూలై 10న ప్రతినిధుల సభ దీనిని (హెచ్.ఆర్. 1044) 365-65తో ఆమోదించింది. 2020 డిసెంబరు 2న సెనేట్ మార్పులతో ఏకగ్రీవంగా ఆమోదించింది. రెండు పాఠాలకూ పొంతన కుదిరే లోపు 2021 జనవరి 3న ఆ కాంగ్రెస్ గడువు ముగిసి, అదీ మురిగిపోయింది. ఫలితంగా గ్రీన్ కార్డుల వరుసలో నిలిచిన భారతీయుల, వారిలో తెలుగు కుటుంబాల నిరీక్షణ కొనసాగింది. తల్లిదండ్రుల వీసాపై పెరిగిన పిల్లలు 21 సంవత్సరాలు నిండగానే ఆ హోదా కోల్పోయి, వేరే వీసా వెతుక్కోవడమో దేశం విడిచిపోవడమో చేయవలసి వస్తుంది.

రెండు సభలూ వేర్వేరు పాఠాలను ఎంత పెద్ద మెజారిటీతో ఆమోదించినా, ఒకే పాఠంపై గడువులోగా ఏకీభవించనిదే చట్టం రాదని ఈ రెండు బిల్లుల చరిత్ర తెలుపుతుంది.

ఇవి కూడా చూడండి

* అమెరికా సంయుక్త రాష్ట్రాల కాంగ్రెస్
* హెచ్-1బి వీసా
* ప్రవాసాంధ్రులు
* భారత పార్లమెంటు