అదనుకు అందే సొమ్ము: సన్నకారు రైతు కుటుంబానికి నగదు బదిలీ ఎలా తోడ్పడుతుంది?

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు కింది పనులు చేయగలుగుతారు:

• సన్నకారు రైతు కుటుంబానికి ఏ నెలల్లో నగదు కొరత ఏర్పడుతుందో వివరించడం
• క్రమం తప్పని నగదు బదిలీ ఆ కొరతను ఎలా పూడుస్తుందో లెక్కతో చూపడం
• తెలంగాణలో అమలైన పథకాల బలాన్ని, లోపాలను పరిశీలించడం

1. విషయ పరిచయం

ఎల్.బి.నగర్ దాటి విజయవాడ రహదారి వెంబడి వెళితే హయత్‌నగర్ వస్తుంది. ఈనాడు అది హైదరాబాద్ నగరంలో భాగం. అయినా అక్కడ కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థకు చెందిన పరిశోధన క్షేత్రం ఉంది. ఎర్రని చల్కా నేలల్లో, వాన మీద ఆధారపడి పంట పండించడం ఎలాగన్నది అక్కడి పరిశోధనల్లో ముఖ్యాంశం. ఆ ప్రాంతంలో ఏడాదికి సగటున 750 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మెట్ట పంటలకు ఇది మరీ తక్కువేమీ కాదు. అసలు చిక్కు, ఆ వాన ఎప్పుడు పడుతుందన్నదే. విత్తే వేళ పడని వాన, కోత వేళ పడితే లాభం లేదు. మన రైతులు దీనినే 'అదను' అంటారు.

వానకు వర్తించే ఈ సూత్రమే డబ్బుకు కూడా వర్తిస్తుంది. రైతు కుటుంబానికి ఎంత సొమ్ము అందిందన్నది ఎంత ముఖ్యమో, అది ఎప్పుడు అందిందన్నది, ఎవరి చేతికి అందిందన్నది కూడా అంతే ముఖ్యం. ఈ భాగమంతటిలోనూ మీరు గుర్తుంచుకోవలసిన విషయం ఇదే.

2. నగదు కొరత ఎందుకు వస్తుంది?

ఒక హెక్టారు, అంటే సుమారు రెండున్నర ఎకరాల లోపు భూమి ఉన్నవారిని సన్నకారు రైతులు అంటారు. వీరు పండించే దానిలో కొంత భాగం ఇంటి తిండికే పోతుంది. కాబట్టి అమ్మకం ద్వారా వచ్చే నగదు తక్కువ. అదీ ఏడాదిలో ఒకటి రెండుసార్లే వస్తుంది. ఖర్చులు మాత్రం ఏడాది పొడవునా ఉంటాయి. పైగా విత్తనాలు, ఎరువులు, ట్రాక్టర్ కిరాయి, పిల్లల బడి ఖర్చులు అన్నీ జూన్ నెలలోనే మీద పడతాయి. అప్పటికి పోయిన ఏటి పంట డబ్బు అయిపోయి ఉంటుంది.

జాతీయ నమూనా సర్వే 77వ విడత ప్రకారం 2018-19లో దేశంలో ఒక వ్యవసాయ కుటుంబపు సగటు నెలసరి ఆదాయం 10,218 రూపాయలు. అందులో కూలి, జీతాల ద్వారా వచ్చినది 4,063 రూపాయలు కాగా, పంట ద్వారా వచ్చినది 3,798 రూపాయలు మాత్రమే. తెలంగాణలో నూటికి 91 కంటే ఎక్కువ వ్యవసాయ కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయని, సగటు అప్పు 1,52,113 రూపాయలని అదే సర్వే తెలిపింది.

చేతిలో డబ్బు లేనప్పుడు కుటుంబం ముందు సాధారణంగా నాలుగు దారులుంటాయి. వడ్డీకి అప్పు తేవడం, పశువునో బంగారాన్నో అమ్ముకోవడం, సొంత చేను వదిలి కూలికి పోవడం, తిండిలోనో చదువులోనో కోత పెట్టుకోవడం. ఈ నాలుగింటిలో ఏది ఎంచుకున్నా ఈ రోజు గడుస్తుంది గాని, రేపటి ఆదాయం తగ్గుతుంది.

3. ఒక లెక్క

అబ్దుల్లాపూర్‌మెట్ వైపు రెండెకరాలున్న ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. బోరు కింద ఒక ఎకరంలో ఇంటి తిండికి వరి, మెట్టలో మరో ఎకరంలో పత్తి. జూన్‌లో 12,000 రూపాయలు కావాలి. పత్తి డబ్బు చేతికి వచ్చేది డిసెంబరులో.

మొదటి సందర్భం: ఏ సాయమూ లేదు. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి 12,000 తెచ్చారు. నెలకు వడ్డీ 360 రూపాయలు. ఆరు నెలలకు 2,160 రూపాయలు. అసలుతో కలిపి 14,160 రూపాయలు తీర్చాలి. అప్పిచ్చినది పత్తి వ్యాపారే అయితే, పంటను అతనికే, అతను చెప్పిన ధరకే అమ్మవలసి రావచ్చు. ఈ నష్టం వడ్డీ లెక్కలో కనిపించదు.

రెండో సందర్భం: ఎకరానికి 6,000 చొప్పున 12,000 రూపాయలు జూన్ మొదట్లోనే ఖాతాలో పడ్డాయి. అప్పు లేదు, వడ్డీ లేదు. పంటను నచ్చిన చోట అమ్ముకునే స్వేచ్ఛ మిగిలింది.

మూడో సందర్భం: అదే 12,000 సెప్టెంబరులో అందింది. అప్పటికే అప్పు తెచ్చి విత్తారు. సొమ్ము రాగానే అసలు తీర్చినా, మూడు నెలల వడ్డీ 1,080 రూపాయలు పోయినట్లే. అప్పు దొరకక విత్తడం ఆలస్యమైతే నష్టం ఇంకా ఎక్కువ.

రెండు, మూడు సందర్భాల్లో ప్రభుత్వానికి అయిన ఖర్చు ఒక్కటే. కుటుంబానికి కలిగిన ప్రయోజనం మాత్రం వేరు.

4. నెలనెలా వచ్చేది, సీజనుకు వచ్చేది

నగదు బదిలీలన్నీ ఒకే పని చేయవు. తెలంగాణలో 2014లో మొదలైన ఆసరా పింఛను వృద్ధులకు మొదట నెలకు 1,000 రూపాయలు ఉండేది. 2019లో దానిని 2,016 రూపాయలకు పెంచారు. ఇంట్లో ఒక అవ్వకు ఈ పింఛను వస్తే ఉప్పు, నూనె, మందుల ఖర్చు గడుస్తుంది. ఆ మేరకు చిన్న చిన్న అప్పులు తగ్గుతాయి. సీజను ముందు ఒకేసారి వచ్చే సొమ్ము పెట్టుబడికి పనికివస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2019 ఫిబ్రవరిలో ప్రారంభించిన పీఎం కిసాన్ పథకం కింద ఏడాదికి 6,000 రూపాయలను మూడు విడతలుగా ఇస్తారు. ఇది ఈ రెండింటికీ మధ్యస్థంగా ఉంటుంది.

చేతిలో డబ్బు పడితే పని మానేస్తారన్న వాదన తరచు వినిపిస్తుంది. మధ్యప్రదేశ్‌లో 2011-12లో 'సేవ' సంస్థ యూనిసెఫ్ సహాయంతో ఎనిమిది గ్రామాల్లో ఒక ప్రయోగం చేసింది. షరతులేమీ లేకుండా పెద్దలకు నెలకు 200, పిల్లలకు 100 రూపాయలు ఇచ్చి, తరవాత వాటిని 300, 150కి పెంచారు. అక్కడ కనిపించినది పని మానడం కాదు, పని మారడం. చిన్న రైతులు కూలిపని తగ్గించుకుని సొంత చేనుమీద ఎక్కువ సమయం పెట్టారు. విత్తనాలు, పశువులు కొనుక్కున్నారు.

5. తెలంగాణ అనుభవం

2018 మే 10న ప్రారంభమైన రైతుబంధు పథకం కింద ఎకరానికి, సీజనుకు 4,000 రూపాయలు ఇచ్చారు. మొదటి విడతను వానాకాలానికి ముందే చెక్కుల రూపంలో పంచారు. తరవాత బ్యాంకు ఖాతాల్లో వేశారు. 2019-20 నుంచి ఈ మొత్తాన్ని 5,000కు పెంచారు. పెట్టుబడి సొమ్మును విత్తనానికి ముందు ఇవ్వాలన్న ఆలోచన ఈ పథకంలోని ముఖ్యమైన బలం.

దీని స్థానంలో వచ్చిన రైతు భరోసా 2025 జనవరి 26న ఎకరానికి, సీజనుకు 6,000 రూపాయలతో మొదలైంది. ప్లాట్లుగా మారిన, సాగుకు యోగ్యం కాని భూములను దీని నుంచి మినహాయించారు. హయత్‌నగర్ వంటి నగర శివార్లలో ఈ నిబంధన ప్రాధాన్యం మీరు ఊహించగలరు. అయితే కొత్త విధివిధానాలు ఖరారయ్యేలోగా 2024 వానాకాలం సీజనుకు సాయం అందలేదు. సాయం వస్తుందని నమ్మి ఏర్పాట్లు చేసుకున్న రైతుకు, రాకపోవడం వల్ల కలిగే ఇబ్బంది అసలు పథకమే లేని రోజులకంటే ఎక్కువగా ఉండవచ్చు. క్రమం తప్పకపోవడం ఎందుకు ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది.

6. చేను దున్నేవారికి అందుతున్నదా?

రైతుబంధు సొమ్ము పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవారికే అందింది. కౌలురైతుకు అందలేదు. భూయజమాని నగరంలో ఉద్యోగం చేస్తూ చేనును కౌలుకిస్తే, సొమ్ము యజమాని ఖాతాకు చేరుతుంది. విత్తనం కొనేది, వాన రాకపోతే నష్టపోయేది కౌలుదారు. మొదటి సందర్భంలోని వడ్డీ లెక్క అతనికి అలాగే మిగిలిపోతుంది. ఎకరాల లెక్కన ఇవ్వడం వల్ల పదెకరాల రైతుకు ఎకరం రైతుకంటే పదిరెట్లు ఎక్కువ వస్తుంది.

ఇతర రాష్ట్రాలు వేరే మార్గాలు ప్రయత్నించాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో మొదలైన వైఎస్సార్ రైతు భరోసాలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాల కౌలురైతులను చేర్చారు. ఒడిశాలోని కాలియా పథకంలో భూమి లేని వ్యవసాయ కుటుంబాలకూ చోటిచ్చారు. తెలంగాణలో 2025లో ఇందిరమ్మ ఆత్మీయ భరోసా పేరుతో భూమిలేని కూలీ కుటుంబాలకు ఏడాదికి 12,000 రూపాయల పథకం వచ్చింది. అయితే కౌలుకు చేసేవారిని గుర్తించే నమ్మకమైన పత్రం లేనంతవరకు ఈ సమస్య తీరదు. కౌలు కాగితం రాసిస్తే భూమిపై హక్కు పోతుందేమోనన్న భయం యజమానులకు ఉంటుంది. కౌలు ఒప్పందాలు నోటిమాటగానే సాగడానికి ఇదొక ప్రధాన కారణం.

7. సారాంశం

నగదు బదిలీ పంటకు ధర తేదు, ఎండిన బోరులో నీరు తేదు, పంటబీమాకు బదులు కాదు. కాని విత్తే వేళకు, క్రమం తప్పకుండా, చేను చేసేవారి చేతికి అందితే అది అప్పును, తెగనమ్ముకోవడాన్ని ఆపగలదు. ఈ మూడింటిలో ఏది లోపించినా ఆ మేరకు ప్రయోజనం తగ్గుతుంది.

8. మీ ప్రగతిని సరిచూసుకోండి

(అ) పై లెక్కలో సొమ్ము ఆగస్టు మొదట్లో అందితే, కుటుంబం ఎంత వడ్డీ చెల్లించవలసి వస్తుంది?
(ఆ) నెలవారీ పింఛనుకు, సీజను సాయానికి ఉపయోగంలో తేడా ఏమిటి?
(ఇ) కౌలురైతులకు రైతుబంధు ఎందుకు అందలేదు?

9. చేసి చూడండి

మీది రైతు కుటుంబమైతే మీ ఇంట్లో పెద్దలతో కూర్చోండి. లేదా తెలిసిన రైతు ఇంటికి వెళ్లండి. ఒక కాగితంపై పన్నెండు నెలలు రాసి, ఏ నెలలో ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎక్కడ అప్పు తెచ్చారు అన్నది నింపండి. ప్రభుత్వ సొమ్ము పడిన నెలను గుర్తుపెట్టండి. అప్పు తెచ్చిన నెల దానికి ముందుందా, వెనుకుందా? మీ జవాబును పది వాక్యాల్లో రాసి, సంప్రదింపు తరగతికి తీసుకురండి.