వార్తల్లో పదం: ట్రేడ్‌మార్క్

ఒకరి సరుకును మరొకరి సరుకు నుంచి వేరుచేసి చూపే పేరు, గుర్తు, లోగో ఏదైనా ట్రేడ్‌మార్కే. మన దేశంలో దీనికి ఆధారం 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కాబట్టి, ముందు అమ్మకాలు పెరగనీ అని చిన్న వ్యాపారులు వాయిదా వేస్తుంటారు. ముందునుంచీ పేరు వాడుతున్నవారికి 34వ సెక్షన్ రక్షణ ఉంది కదా అన్నది వాళ్ల ధీమా. అది నిజమే. తిరునెల్వేలి ఇరుట్టుకడై హల్వా కేసులో ఇరుపక్షాలకూ రిజిస్ట్రేషన్ ఉన్నా, ముందునుంచీ వాడుతున్నవారిదే పైచేయి అని 2015లో సుప్రీంకోర్టు తేల్చింది. కానీ ఊరంతా ఎరిగిన పాత కొట్టుకే పేరు దక్కించుకోవడానికి ఢిల్లీ దాకా పోక తప్పలేదు.

నిన్నగాక మొన్న మొదలైన పచ్చళ్ల వ్యాపారానికి అంత చరిత్ర ఎక్కడిది? రిజిస్టర్ కాని పేరు కోసం దావా వేస్తే, మార్కెట్లో తనకు గుర్తింపు ఉందనీ, కొనేవారు పొరబడుతున్నారనీ, దానివల్ల నష్టమనీ పాత బిల్లులు, ప్రకటనలతో నిరూపించుకోవాలి. తొలినాళ్ల బిల్లులు దాచేవారు ఎందరు? రిజిస్ట్రేషన్ పత్రం ఉంటే అదే ప్రాథమిక సాక్ష్యం. వ్యాపారం చేసే ఊరి పరిధిలోని జిల్లా కోర్టులోనే దావా వేయొచ్చు. ఖర్చు భారమన్న మాటా నిలవదు. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్‌లో సరుకుల ఒక్కో తరగతికి ఫీజు 4,500 రూపాయలు, రక్షణ పదేళ్లు. లేబుళ్లు, బోర్డులు వేయించాక పేరు మార్చుకోవాల్సి వస్తే అయ్యే ఖర్చు ఇంతకు ఎన్నో రెట్లు. ‘ఆవకాయ’ లాంటి సరుకు పేరునే మార్కుగా అడిగితే మాత్రం మామూలుగా ఇవ్వరు. దరఖాస్తును ట్రేడ్‌మార్కుల జర్నల్‌లో ప్రచురించాక అభ్యంతరాలకు నాలుగు నెలల గడువుంటుంది, ఆలస్యమూ అవుతుంది. అయినా మంజూరైతే హక్కు దరఖాస్తు తేదీ నుంచే లెక్క.