విషయసూచిక చేత్తో టైప్ చేస్తున్నారా? ఇన్‌డిజైన్‌లో ఆటోమేటిక్‌గా రప్పించడం ఇలా!

రోజూ ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించి చదువుతూనే ఉంటారు కదా. ఈసారి కాస్త కంప్యూటర్ ముందు కూర్చుందాం. పుస్తకం, కాలేజ్ మ్యాగజైన్, సావనీర్.. ఏది డిజైన్ చేసినా చివర్లో అందరినీ ఇబ్బంది పెట్టేది ఒక్కటే పేజీ. అదే విషయసూచిక!

ముందు నా కథ చెప్తా. కరీంనగర్‌లో ఒక డీటీపీ సెంటర్‌లో కూర్చొని మా ఊరి రిటైర్డ్ సార్ కథల పుస్తకానికి పేజీలు పెట్టాను. సూచికలో నంబర్లన్నీ చేత్తోనే కొట్టాను. ప్రెస్‌కు పంపే ముందు రాత్రి ముందుమాట రెండు పేజీలు పెరిగింది. లోపల కథలన్నీ జరిగాయి, సూచిక మాత్రం అక్కడే ఉంది. 500 కాపీలు అచ్చయ్యాయి. ఆవిష్కరణ సభలో సార్ పుస్తకం తెరిచి, "31వ పేజీల కథ అని రాసినవ్, ఈడ లేదు గదరా?" అన్నారు. తప్పు పూర్తిగా నాదే. పదేళ్లు రాసుకున్న మనిషికి ఏం సమాధానం చెప్తాం?

అసలు కిటుకు స్టైల్స్‌లోనే

సాఫ్ట్‌వేర్‌కు మీ హెడ్డింగ్ ఏదో తెలియదు. అక్షరాలు పెద్దగా, బోల్డ్‌గా ఉన్నంత మాత్రాన అది హెడ్డింగ్ అనుకోదు. అందుకే పారాగ్రాఫ్ స్టైల్స్ ప్యానెల్‌లో 'కథ పేరు' అని ఒక స్టైల్ తయారు చేసి, ప్రతి కథ పేరుకూ అదే అప్లై చేయండి. ఇక మిగతా పని ఈజీ.

1. లేఅవుట్ మెనూలో టేబుల్ ఆఫ్ కంటెంట్స్ ఓపెన్ చేయండి.
2. మీ 'కథ పేరు' స్టైల్‌ను ఇన్‌క్లూడ్ లిస్ట్‌లోకి యాడ్ చేయండి.
3. ఎంట్రీ స్టైల్ దగ్గర సూచిక కోసం విడిగా చేసుకున్న స్టైల్ ఇవ్వండి. లేకపోతే అక్షరాలు హెడ్డింగ్ సైజ్‌లోనే వచ్చి పడే అవకాశం ఉంది.
4. ఆ స్టైల్‌లో ట్యాబ్స్‌కు వెళ్లి రైట్ ట్యాబ్ పెట్టండి. లీడర్ బాక్సులో ఒక చుక్క కొట్టండి. చుక్కలు మరీ దగ్గరగా అనిపిస్తే చుక్క తర్వాత ఒక స్పేస్ ఇవ్వండి.

పేజీలు మారినప్పుడల్లా సూచిక మీద క్లిక్ చేసి 'అప్‌డేట్ టేబుల్ ఆఫ్ కంటెంట్స్' కొడితే చాలు. ఒక్క మాట గుర్తుంచుకోండి: సూచికలో చేత్తో చేసిన మార్పులు అప్‌డేట్ కొట్టగానే పోతాయి. ఏదైనా దిద్దాలంటే లోపలి హెడ్డింగ్‌లోనే దిద్దండి.

ఇంకా పేజ్‌మేకర్ 7 వాడుతున్నారా? 2001లో వచ్చిన ఆ వెర్షన్‌లోనూ ఈ సౌకర్యం ఉంది. స్టైల్ పారాగ్రాఫ్ సెట్టింగ్స్‌లో 'ఇన్‌క్లూడ్ ఇన్ టేబుల్ ఆఫ్ కంటెంట్స్' టిక్ చేసి, యుటిలిటీస్ మెనూలో క్రియేట్ టీఓసీ నొక్కాలి.

తెలుగుకు వచ్చే చిక్కు

అను లాంటి పాత ఫాంట్లలో తెరమీద తెలుగు కనిపించినా, లోపల ఉండేవి ఇంగ్లిష్ కోడ్‌లే. సూచిక స్టైల్‌లో ఆ ఫాంట్ పెట్టడం మర్చిపోతే పిచ్చి గీతలు వస్తాయి. పీడీఎఫ్ బుక్‌మార్క్స్‌లో అయితే ఫాంట్ మార్చే వీలే లేదు, అక్కడ చదవలేం. చుక్కల బదులు వేరే గుర్తు పడితే, 'బిట్వీన్ ఎంట్రీ అండ్ నంబర్' పక్కన ఇంగ్లిష్ ఫాంట్ ఉన్న క్యారెక్టర్ స్టైల్ ఇవ్వండి.

శాశ్వత పరిష్కారం మాత్రం యూనికోడే. మండలి, రామభద్ర, సూరన్న లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చేయండి, లేకపోతే వత్తులు విడిపోవచ్చు. పాత మ్యాటర్‌ను కన్వర్ట్ చేస్తే ఒకసారి ప్రూఫ్ తప్పకుండా చదవండి.

యూనికోడ్ విలువ ఏంటో ఆదిలాబాద్‌ను అడిగితే తెలుస్తుంది. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్ 11లో చోటు దక్కింది. ఇప్పుడు దానికి నోటో ఫాంట్ కూడా ఉంది. అంటే ఆ లిపిలోని అక్షరాలకు సొంత కోడ్ వచ్చినట్టే. మన దగ్గర తెలుగుకు ఆ సౌకర్యం ఎప్పటినుంచో ఉన్నా వాడుకోకపోతే ఎట్లా?

ఫోన్‌లో చదివేవాళ్ల కోసం

సూచిక బాక్సులో 'క్రియేట్ పీడీఎఫ్ బుక్‌మార్క్స్' టిక్ చేయండి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు బుక్‌మార్క్స్, హైపర్‌లింక్స్ రెండూ ఆన్‌లో పెట్టండి. అప్పుడు వాట్సాప్‌లో పంపిన పుస్తకంలో కథ పేరు మీద ట్యాప్ చేస్తే నేరుగా ఆ పేజీకే వెళ్తుంది.

ఇన్‌డిజైన్‌కు డబ్బులు పెట్టలేని స్టూడెంట్స్‌కు లిబ్రేఆఫీస్ రైటర్ ఉచితం. హెడ్డింగ్ స్టైల్స్ వాడితే అందులోనూ సూచిక దానంతటదే తయారవుతుంది.

చివరగా, ప్రెస్‌కు పంపే ముందు సూచిక అప్‌డేట్ కొట్టి, మొదటి, మధ్య, చివరి కథల పేజీలు తెరిచి చూడండి. రెండు నిమిషాల పని. సార్ పుస్తకం రెండో ముద్రణ నేనే చేశాను, ఈసారి 33వ పేజీ తెరిస్తే కథ అక్కడే ఉంది.