మాత్ర ఉచితం సరే, మంచాన పడ్డ రోజులెవరి ఖాతా?

క్షయకు మందు ఉచితం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద రాసి ఉంటుంది, ఆశా కార్యకర్త ఇంటికొచ్చి చెబుతుంది. నిజమే. రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్, పైరజినమైడ్, ఇథాంబుటాల్ అనే నాలుగు మందులకూ కూలివాడు పైసా ఇవ్వనక్కర లేదు. కళ్ళె పరీక్షకూ ఇవ్వనక్కర లేదు. అయినా క్షయ సోకిన కూలి కుటుంబం అప్పుల పాలు కాకుండా బయటపడటం మన పేటల్లో మేము చూసింది బహు తక్కువ. మందుకు డబ్బు లేనప్పుడు అప్పు ఎక్కడిది?

చెన్నైలోని క్షయ పరిశోధనా కేంద్రం వారు రోగుల్ని కలిసి ఈ సంగతే ఆరా తీశారు. వారి లెక్క 1999లో అచ్చయింది. సగటున ఒక్కో రోగికి 83 పనిదినాలు పోయాయి. ఆ ఇళ్ళలో బడికి పోయే పిల్లల్లో నూటికి 11 మంది చదువు మానేశారు. మరో 8 మంది ఇల్లు గడవడానికి పనికి కుదిరారు.

ఆ లెక్కను మన కూలికి కట్టి చూద్దాం. రోజుకు 400 రూపాయలనుకుంటే 83 రోజులకు 33,200. జబ్బేమిటో తెలియక ముందు ఆర్.ఎం.పి. దగ్గర పొడిపించుకున్న ఇంజక్షన్లు, ఎక్కించుకున్న సెలైన్ సీసాలు, తాగిన దగ్గు టానిక్కులు ఇందులో కలపలేదు. పెద్దాసుపత్రికి తోడెళ్ళిన మనిషి కూలి కలపలేదు. ఆటో చార్జీ కలపలేదు.

ఇంకో సంగతి ఉంది. 83 రోజులంటారు గాని ఏ 83 రోజులన్నది సగటు లెక్కలో కనపడదు. ఫ్యాక్టరీ కార్మికుడికి జనవరి అయినా జూలై అయినా ఒకటే. మనకు అలా కాదు గదా. నాట్లు, కలుపు, కోతలు, మిరప ఏరుడు అన్నీ కలిపినా చేతినిండా పని దొరికేది ఏడాదిలో కొన్ని నెలలే. ఆ నెలల్లోనే మిగతా ఏడాదికి బియ్యం కొనుక్కోవాలి, పాత బాకీ తీర్చుకోవాలి. దగ్గు నాట్లప్పుడు వచ్చిందో, ఆ ఇంటికి పోయింది 83 రోజుల కూలి కాదు, ఏడాది బువ్వ. మిరప కోతలకు మేస్త్రీ దగ్గర ముందే బయానా తీసుకున్న మనిషైతే మరీ కష్టం. జ్వరంతోనైనా పోవాలి, లేదా బయానా మీద వడ్డీ కట్టాలి.

జబ్బు వల్ల పోయిన పనిని డబ్బుగా లెక్కగట్టే శాస్త్రం ఒకటుంది. దాని మీద లావుపాటి పుస్తకాలున్నాయి, ప్రభుత్వాలు ఏ మందు కొనాలో, ఏ జబ్బు మీద ఖర్చు పెట్టాలో వాటిని చూసి నిర్ణయిస్తాయి. కనుక అందులో మన రోజుకు ఏ ధర కట్టారో మనం తెలుసుకోవాలి.

ఎక్కువగా వాడే పద్ధతి తేలిక. పోయిన రోజుల్ని కూలి రేటుతో హెచ్చవేస్తారు. మగవాడికి 500, ఆడమనిషికి 300 ఇచ్చే ఊళ్ళో ఇద్దరికీ క్షయ వచ్చి చెరి 83 రోజులు పోతే, అతని నష్టం 41,500, ఆమె నష్టం 24,900. జబ్బొకటే, మాత్రలొకటే, మంచాన పడ్డ రోజులూ అన్నే. ఆమె వండలేకపోయిన కూడు, మోయలేకపోయిన నీళ్ళు, మేపలేకపోయిన గేదె ఆ లెక్కలో సున్న. కూలి రేటులో జరిగిన అన్యాయాన్నే తెచ్చి ఆరోగ్యం లెక్కలో పడేశారన్నమాట.

1990లలో నెదర్లాండ్స్ ఆర్థికవేత్తలు మరో పద్ధతి తెచ్చారు. జబ్బుపడ్డవాడి స్థానంలో యజమానికి మరో మనిషి దొరికే వరకే నష్టం అంటారు. దొరికాక నష్టం ఆగిపోతుంది. యజమాని వైపు నుంచి చూస్తే అది తప్పు లెక్కేమీ కాదు. కాని దాన్ని మన కూలి అడ్డా మీదికి తెచ్చి చూడండి. తెల్లారి ఐదింటికి అడ్డాలో ఒక మనిషి రాకపోతే ఆరుకల్లా ఇంకొకరు ఆటో ఎక్కుతారు. అంటే కూలివాడు చచ్చినా నష్టం గంటసేపే!

ఇదేదో మేము ఊహించి అంటున్నది కాదు. 1991 డిసెంబరులో ప్రపంచ బ్యాంకు ప్రధాన ఆర్థికవేత్త లారెన్స్ సమ్మర్స్ సంతకంతో ఒక అంతర్గత పత్రం తయారైంది. కాలుష్యం వల్ల కలిగే నష్టం అంటే జబ్బుతో, చావుతో పోయే సంపాదనే గనుక, కాలుష్యాన్ని కూలి రేట్లు అన్నిటికంటే తక్కువున్న దేశాలకు పంపడమే లాభసాటి అన్నది అందులోని తర్కం. గొడవయ్యాక అది వ్యంగ్యంగా రాసిందన్నారు. ఎలా రాసినా, మనిషి విలువ అతని కూలేనని ఒప్పుకుంటే తూకం అక్కడికే వచ్చి ఆగుతుంది.

మరి సర్కారు ఏమిస్తున్నది? క్షయ రోగి తిండి కోసమని 2018 ఏప్రిల్ నుంచి నెలకు 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేశారు. 2024 నవంబరు నుంచి వెయ్యి చేశారు. ఆరు నెలల వైద్యానికి 6,000. మన 33,200 పక్కన పెట్టి చూసుకోండి. అదీ తిండికి ఇచ్చేదే, పోయిన కూలికి కాదు. 2025 నాటికి దేశంలో క్షయను అంతం చేస్తామని 2018లో ప్రకటించారు. 2025 వెళ్ళిపోయింది, ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు ఇక్కడే ఉన్నారు.

పోయిన కూలికి ఇవ్వడం కుదరదంటారా? ఈ దేశంలోనే ఇస్తున్నారు. 1948 నాటి చట్టంతో మొదలైన ఇ.ఎస్.ఐ. ఏర్పాటులో కార్మికుడు జబ్బుపడితే ఏడాదిలో 91 రోజుల దాకా వేతనంలో నూటికి 70 వంతులు ఇస్తారు. క్షయ లాంటి దీర్ఘరోగమైతే నూటికి 80 వంతులు, రెండేళ్ళ దాకా. షరతులున్నాయి, ఆఫీసుల చుట్టూ తిప్పుడూ ఉంది, అయినా హక్కు ఉంది. కార్మికవర్గం పోరాడి నిలుపుకున్న హక్కు అది. వ్యవసాయ కూలీకి అది లేదు. అదే పురుగు, అదే ఊపిరితిత్తి. ఒకరు మిల్లులో దగ్గారు, ఒకరు మడిలో దగ్గారు.

తిండి సంగతికొద్దాం. క్షయకు తిండే సగం మందని మన ముసలివాళ్ళు ఎప్పటినుంచో అంటూనే ఉన్నారు. 1956లో మద్రాసులో ఒక పెద్ద పరీక్ష మొదలెట్టారు. సగం మంది రోగుల్ని శానిటోరియంలో మంచి తిండి, విశ్రాంతి ఇచ్చి ఉంచారు. సగం మందికి ఇళ్ళ దగ్గరే మందులిచ్చారు. 1959లో ఫలితం వచ్చింది. ఇరుకు ఇళ్ళల్లో, చాలీచాలని తిండితో ఉన్న పేదలకూ ఇంచుమించు అంతే బాగా నయమైంది. అది ప్రపంచమంతటా వైద్యాన్ని మార్చిన పరీక్ష. బీదవాడు ఇల్లు విడిచి ఏడాదిపాటు ఎక్కడో పడి ఉండే బాధ తప్పింది. దాన్ని మేము తక్కువ చేయం. కాని పాలకులు అందులోంచి తమకు కావలసిన ముక్కే ఏరుకున్నారు. మందుంటే చాలు, తిండి లేకపోయినా ఫరవాలేదన్నట్టు నడిపించారు. శానిటోరియం మంచం మీద మిగిలిన డబ్బు రోగి ఇంటి కుండలోకి రాలేదు.

అరవై ఏళ్ళు దాటాక, 2023లో, ఆ మిగతా ముక్క రుజువైంది. జార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో 2,800 మంది రోగులకు వైద్యంతోపాటు నెలకు 10 కిలోల తిండి సామాను ఇచ్చారు. కొన్ని ఇళ్ళలో రోగితోపాటు ఇంటిల్లిపాదికీ బియ్యం, పప్పు ఇచ్చారు. అలా ఇచ్చిన ఇళ్ళలో కొత్తగా క్షయ సోకడం 39 శాతం తగ్గింది. మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగిన రోగులకు చావు ముప్పు 61 శాతం తక్కువగా ఉంది. బియ్యం, పప్పు! ఏ కంపెనీకీ పేటెంటు లేని మందు ఇది.

పేటెంటు మాట వచ్చింది గనుక మందుల విధానం గురించి కొంత చెప్పాలి. ఉచిత మందు ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1961లో సోవియట్ సహాయంతో పెట్టిన ఐ.డి.పి.ఎల్. మన హైదరాబాదు బాలానగర్‌లో, రిషీకేశ్‌లో మందులు చేసింది. 1970 పేటెంటు చట్టం మందును కాక, మందు తయారుచేసే పద్ధతిని మాత్రమే కంపెనీ సొత్తుగా ఒప్పుకుంది. దానితో వేరే పద్ధతిలో చవగ్గా చేసుకునే వీలు కలిగింది. 1975లో హాథీ కమిటీ 117 అత్యవసర మందుల జాబితా ఇచ్చి, బహుళజాతి మందుల కంపెనీల్ని జాతీయం చేయాలన్నది. ఆ సలహా అటకెక్కింది. ధరల అదుపులో 1979లో 347 మందులుంటే 1987కి 142, 1995కి 74 మిగిలాయి. ఐ.డి.పి.ఎల్. 1992లో ఖాయిలా పడింది. 2016లో మూసేయాలని కేంద్ర మంత్రివర్గం తీర్మానించింది. 2005 నుంచి మందు మీదే పేటెంటు మళ్ళీ వచ్చింది.

అయితే 2005లో పార్లమెంటులో వామపక్షాల ఒత్తిడితో ఆ చట్టంలో ఒక అడ్డుకట్ట పడింది. పాత మందును కాస్త అటూ ఇటూ మార్చి మళ్ళీ పేటెంటు అడిగితే ఇవ్వనక్కర లేదు. ఇది మొండి క్షయకు పనికొచ్చింది. మామూలు మందులకు లొంగని క్షయకు బెడాక్విలిన్ అనే మాత్ర ఉంది. జాన్సన్ అండ్ జాన్సన్ దాని గడువును 2027 దాకా సాగదీయాలని చూసింది. క్షయ నుంచి కోలుకున్న ఇద్దరు మహిళలు అభ్యంతరం వేశారు. 2023 మార్చిలో మన పేటెంటు కార్యాలయం కంపెనీ దరఖాస్తును కొట్టేసింది. ఆ ఏడాదే అంతర్జాతీయ కొనుగోళ్ళలో ఆరు నెలల కోర్సు ధర సగానికి పైగా పడి 130 డాలర్లకు వచ్చింది.

ఇంతా చేసి, 2024 మార్చిలో ఏమైందో గుర్తుందా? మామూలు క్షయ మందులకే కొరత వచ్చింది. మూడు నెలలకు సరిపడా మీరే కొనుక్కోండి, కొనలేకపోతే బయట కొన్న రోగులకు డబ్బు తిరిగివ్వండి అని కేంద్రం రాష్ట్రాలకు లేఖ రాసింది. కూలి లేక ఇంట్లో కూర్చున్నవాడు ముందు కొని తర్వాత బిల్లు పెట్టుకోవాలట! కోర్సు మధ్యలో మందు ఆగితే జబ్బు మొండికెత్తుతుంది, మామూలు మాత్రలు పనిచేయవు. ఆ లేఖ రాసినవారికి ఇది తెలియనిది కాదు.

సంఘాలు చేయగల పని ఒకటి వెంటనే మొదలుపెట్టాలి. మండల మహాసభలకు ముందే ప్రతి ఊళ్ళో ఒక నోటుపుస్తకం తెరవండి. క్షయ మందు వాడుతున్నవారిని అడిగి, ఒప్పుకుంటేనే, పేరు లేకుండా రాయండి. దగ్గు మొదలైన నెల, జబ్బు తేలిన నెల, మధ్యలో పెట్టిన ఖర్చు, పోయిన పనిదినాలు, అప్పుడు ఆ ఊళ్ళో ఏ పని నడుస్తున్నదీ. ఆడవాళ్ళ దగ్గర ఇంటి పని ఎవరు చేశారో, ఏ పిల్ల బడి మానిందో విడిగా రాయండి. ఆరోగ్య కేంద్రంలో మందు లేదన్న తేదీలు తప్పక ఉండాలి. ఖాతాలో పడ్డ డబ్బు ఏ నెలది ఏ నెలలో పడిందో కూడా. ఇ.ఎస్.ఐ. కార్మికుడికిచ్చినట్టే నూటికి 80 వంతుల కూలి వైద్యం సాగినన్నాళ్ళూ ఇవ్వాలని, ఇంటిల్లిపాదికీ పప్పుతో సహా అదనపు రేషన్ ఇవ్వాలని కలెక్టరు దగ్గరికి వెళ్ళేనాటికి ఆ పుస్తకాలు మన చేతిలో ఉండాలి.